సున్నా కనిపిస్తే ఆగు

అమ్మలూ,

ఆడిట్ వాళ్లు వచ్చేలోపు ఆఫీసులోని విండోస్ కంప్యూటర్లన్నిటి సెక్యూరిటీ పాలసీ సెట్టింగులనూ (పాస్‌వర్డ్ ఎలా ఉండాలి, ఎవరికి ఏ హక్కు లాంటి నియమాలు) ప్రోగ్రాంతో చదివి షీటు తయారు చేయమన్నారని నిన్న ఫోనులో చెప్పావు. "చదవడమే కదా పెదనాన్నా, మార్చేదేం లేదు" అన్నావు. ఆ మాటకే ఈ ఉత్తరం. ఇదంతా ఫోనులో చెబితే సగం నువ్వు మర్చిపోతావు, మిగతా సగం నేను మర్చిపోతాను.

ముందు నా పరువు తక్కువ కథ ఒకటి విను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాకూ ఇదే పని పడింది. సెక్‌ఎడిట్ అనే విండోస్ కమాండుతో పాలసీని ఒక ఫైలులోకి ఎక్స్‌పోర్ట్ చేసి, అందులో ఒక్కో పేరు వెతికి, ఈక్వల్ గుర్తు పక్కనున్న అంకె తీసుకునే ప్రోగ్రాం రాశాను. పేరు దొరక్కపోతే? దాని గురించి ఆలోచించనే లేదు. అంకె దాచుకునే వేరియబుల్‌కి మొదట్లోనే సున్నా ఇచ్చేశాను, అందరూ ఇస్తారు కదా అని. ఆ ఫైలేమో రెండేసి బైట్ల యూనికోడ్‌లో, అంటే యూటీఎఫ్-16లో ఉంటుంది. నేను మామూలు టెక్స్ట్ అనుకుని చదివాను. ప్రతి అక్షరం తర్వాత ఒక ఖాళీ బైటు దూరింది. దాంతో ఒక్క పేరూ సరిపోలలేదు, అలాగని ఎర్రర్ కూడా రాలేదు. షీటు నిండా సున్నాలే. పాస్‌వర్డ్ కనీస పొడవు సున్నా అని ఎర్ర రంగులో, గెస్ట్ అకౌంట్ సున్నా, అంటే ఆఫ్ అని పచ్చ రంగులో వచ్చాయి. ఎర్రవి చూసి మా మేనేజరు టెన్షన్ పడ్డాడు. పచ్చవి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. అవీ అబద్ధాలే.

మీ తాతయ్య రైస్ మిల్లులో గుమస్తాగా చేసినప్పుడు ఖాతా పుస్తకంలో ఒక పద్ధతి పాటించేవారు. సరుకు లేకపోతే సున్నా వేసేవారు. సరుకు ఉందో లేదో చూడకపోతే అడ్డగీత గీసేవారు. ఆ రెండూ ఒకటి కావని నాకు చిన్నప్పుడే తెలుసు. ప్రోగ్రాం రాసేటప్పుడు గుర్తు రాలేదు, అంతే. నీ షీటులో ప్రతి గడికీ మూడు రకాల జవాబులు పెట్టుకో: విలువ ఇది, సెట్టింగు పెట్టలేదు, చదవలేకపోయాను. మూడోది వచ్చినప్పుడు ఎర్రర్ నంబరు కూడా పక్కనే రాయి.

ఇక పనిలోకి వద్దాం. చేత్తో చూడాలంటే సెక్‌పాల్ డాట్ ఎంఎస్‌సీ అనే పాలసీ కిటికీ తెరిచి చూస్తాం. ప్రోగ్రాంకి ఆ కిటికీ పనికిరాదు. నెట్ అకౌంట్స్ అనే కమాండు కొట్టి, తెర మీద వచ్చిన ఇంగ్లీషు వాక్యాలను కోసుకునేవాళ్లు ఉన్నారు. అది వద్దు. విండోస్ భాష మారితే ఆ వాక్యాలూ మారతాయి. పైగా పాస్‌వర్డ్‌లో రకరకాల అక్షరాలు ఉండి తీరాలన్న నియమం, అదే కాంప్లెక్సిటీ, అందులో కనిపించదు.

మొదలుపెట్టడానికి నాకు ఇప్పటికీ నచ్చేది సెక్‌ఎడిట్ ఎక్స్‌పోర్టే. అడ్మిన్ హక్కుతో నడపాలి. నడిపాక రిటర్న్ కోడ్ చూడు, ఫైలు ఇప్పుడే పుట్టిందా, పాతదే మిగిలిపోయిందా అన్నదీ చూడు. ఒక్క హెచ్చరిక: అదే కమాండుకి ఎక్స్‌పోర్ట్ బదులు కాన్ఫిగర్ అని ఇస్తే అది చదవదు, మార్చేస్తుంది. నీ ప్రోగ్రాంలో ఆ పదం ఎక్కడా ఉండకూడదు, కామెంట్‌లో కూడా.

వచ్చిన ఫైలు ఐఎన్ఐ పద్ధతిలో విభాగాలుగా ఉంటుంది. సిస్టమ్ యాక్సెస్ అనే విభాగంలో పాస్‌వర్డ్ సంగతులూ, లాకౌట్ (తప్పు పాస్‌వర్డ్ పదే పదే కొడితే అకౌంట్ లాక్ కావడం) సంగతులూ ఉంటాయి. ఇక్కడే సున్నా వేషాలు వేస్తుంది. లాకౌట్ బ్యాడ్ కౌంట్ సున్నా అంటే ఎన్నిసార్లు తప్పు పాస్‌వర్డ్ కొట్టినా అకౌంట్ లాక్ కాదు, అంతకన్నా అధ్వానం ఇంకోటి లేదు. క్లియర్ టెక్స్ట్ పాస్‌వర్డ్ సున్నా అంటే మాత్రం మంచిదే, పాస్‌వర్డులను తిరిగి విప్పగలిగే రూపంలో దాచడం లేదని. పాస్‌వర్డ్ గరిష్ఠ వయసు దగ్గర మైనస్ 1 కనిపిస్తే అది తప్పు కాదు, ఎప్పటికీ గడువు తీరదని అర్థం. ఎవరూ ముట్టుకోని మిషన్లో అక్కడ 42 రోజులు ఉంటుంది. ఇంకో తమాషా ఉంది. లాకౌట్ కౌంట్ సున్నాగా ఉన్నప్పుడు లాకౌట్ ఎన్ని నిమిషాలు, లెక్క మళ్లీ ఎప్పుడు మొదలు అనే లైన్లు ఫైలులోనే రావు. లాకే పడనప్పుడు ఎంతసేపు అన్న ప్రశ్న ఎక్కడిది? నీ ప్రోగ్రాం దాన్ని "చదవలేకపోయాను" అని రాయకూడదు, సున్నా అని అసలే రాయకూడదు.

లైను నంబరు లెక్కపెట్టి చదవకు. 2022 అక్టోబరు అప్‌డేట్లతో అడ్మినిస్ట్రేటర్ అకౌంటుకి కూడా లాకౌట్ వర్తింపజేసే కొత్త సెట్టింగు వచ్చింది. పైన ఒక లైను చేరిందంటే మిగతావన్నీ ఒక లైను కిందికి జరుగుతాయి.

రిజిస్ట్రీ అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు. దాని విలువలుండే రిజిస్ట్రీ వాల్యూస్ విభాగంలో చాలామంది జారిపడతారు. అక్కడ ఈక్వల్ పక్కన కామాతో రెండు భాగాలు ఉంటాయి. మొదటిది విలువ కాదు, రకం: 1 అయితే టెక్స్ట్, 4 అయితే డీవర్డ్ అనే అంకె, 7 అయితే చాలా లైన్ల టెక్స్ట్. రెండోదే అసలు విలువ. ఎల్ఎం కంపాటిబిలిటీ లెవెల్ అనే సెట్టింగు తీసుకో. పాత లాగిన్ పద్ధతుల్ని ఎంతవరకు ఒప్పుకోవాలో చెప్పేది అదే, సున్నా నుంచి 5 దాకా ఉంటుంది. ఫైలులో "4,1" అని ఉంటే లెవెల్ 1, అంటే బలహీనం. నువ్వు తొందర్లో మొదటి అంకె తీసుకుంటే 4 వస్తుంది. 4 కూడా చెల్లే విలువే, పైగా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ప్రోగ్రాం పగిలిపోతే కనీసం మనకు తెలుస్తుంది. ఇది పగలదు, నవ్వుతూ తప్పు చెబుతుంది.

ప్రివిలేజ్ రైట్స్ అంటే ఎవరికి ఏ హక్కు అన్న జాబితా. అక్కడ పేర్ల బదులు ముందు నక్షత్రం గుర్తుతో ఎస్ఐడీలు, అంటే ఒక్కో అకౌంటుకీ గుంపుకీ విండోస్ ఇచ్చే గుర్తింపు సంఖ్యలు, ఉంటాయి. ఎస్-1-5-32-544 అంటే అడ్మినిస్ట్రేటర్స్ గుంపు, ఏ దేశపు విండోస్‌లోనైనా అదే. అందుకని పేరుతో కాక ఎస్ఐడీతోనే పోల్చు. గెస్ట్ లాంటి కొన్ని మాత్రం నక్షత్రం లేకుండా పేరుతోనే వస్తాయి, రెండిటికీ సిద్ధంగా ఉండు. ఇక్కడ ఒక హక్కు లైనే లేకపోతే ఆ హక్కు ఎవరికీ లేదని అర్థం. "ఆపరేటింగ్ సిస్టంలో భాగంగా పనిచేయడం" అనే హక్కు ఎవరికీ ఉండకూడదు కాబట్టి ఆ లైను లేకపోవడమే ఆడిట్ వాళ్లకి కావాల్సిన జవాబు. అదే ఫైలు, సిస్టమ్ యాక్సెస్ విభాగంలో లైను లేకపోతే ఒక అర్థం, ఇక్కడ ఇంకో అర్థం. కాబట్టి ముందు ఆ విభాగం మొత్తంగా ఫైలులోకి వచ్చిందో లేదో చూసుకుని, ఆ తర్వాతే "ఎవరికీ లేదు" అని రాయి.

ఫైలు వద్దు, నేరుగా విండోస్‌నే అడుగుతానంటావా, మంచిదే. పాస్‌వర్డ్, లాకౌట్ లెక్కలకి నెట్ యూజర్ మోడల్స్ గెట్ అనే ఫంక్షన్ ఉంది. లెవెల్ సున్నా ఇస్తే పాస్‌వర్డ్ నియమాలు, లెవెల్ 3 ఇస్తే లాకౌట్ వస్తాయి. అది కాలాన్ని సెకన్లలో చెబుతుంది. ఫైలులో 42 రోజులున్నది ఇక్కడ 36,28,800 అవుతుంది, 30 నిమిషాల లాకౌట్ 1,800 అవుతుంది. కాంప్లెక్సిటీ ఇదీ చెప్పదు, దానికి మళ్లీ ఆ ఫైలే దిక్కు. హక్కులకైతే ఎల్ఎస్ఏ, అంటే విండోస్ లోపలి భద్రతా విభాగం, ఫంక్షన్లున్నాయి. తలుపు తెరిచేటప్పుడు ఆల్ యాక్సెస్ అడగకు, చూడ్డానికీ పేర్లు వెతకడానికీ సరిపోయేంతే అడుగు. చదవడానికి వెళ్లినవాళ్లకి బీరువా తాళాలెందుకు? ఈ ఫంక్షన్లు ఎర్రర్ల వేషంలో జవాబులిస్తాయి, వాటి కోడ్‌ని మామూలు విండోస్ ఎర్రర్ నంబరుగా మార్చుకుని చూడాలి. ఒక హక్కు ఎవరికుంది అని అడిగితే 259, ఇక ఏమీ లేవు, అంటుంది. అది ఎవరికీ లేదన్న జవాబు. ఒక అకౌంటుకి ఏ హక్కులున్నాయి అని అడిగితే ఎర్రర్ 2, ఫైలు దొరకలేదు, అంటుంది. మనం ఏ ఫైలూ అడగలేదు మొర్రో అని నేను ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నాను. ఆ అకౌంటుకి విడిగా ఏ హక్కూ ఇవ్వలేదని దాని భావం. కానీ 5 వస్తే మాత్రం నిజంగానే అనుమతి లేదు, అడ్డగీత వేయి.

ఆడిట్ పాలసీ, అంటే ఏయే సంఘటనలు లాగ్‌లో రాయాలన్నది, సెక్‌ఎడిట్ ఫైలులో తొమ్మిది లైన్లలో ఉంటుంది. దాన్ని నమ్మకు. విండోస్ విస్టా నుంచి అసలు లెక్క అంతకన్నా సన్నని ఉపవిభాగాల్లో నడుస్తోంది. ఆడిట్‌పాల్ కమాండుతో చదువు, సీఎస్‌వీ రూపంలో, అంటే కామాలతో విడదీసిన టెక్స్ట్‌గా, ఇస్తుంది. పేర్లు వదిలేసి గుయిడ్‌లతో, అంటే ఒక్కో ఉపవిభాగానికీ ఉండే గుర్తింపు సంఖ్యలతో, పోల్చు.

డొమైన్ గురించి కూడా ఒక మాట. మీ మిషన్లు డొమైన్‌లో, అంటే అన్నిటినీ ఒకే చోటి నుంచి నడిపే ఏర్పాటులో, ఉన్నాయన్నావు. ఒక మిషన్ మీద చదివిన పాస్‌వర్డ్ నియమాలు ఆ మిషన్లోని లోకల్ అకౌంట్లవి. నువ్వు రోజూ లాగిన్ అయ్యే అకౌంటు నియమాలు డొమైన్ కంట్రోలర్ అనే సర్వర్ దగ్గరుంటాయి. విండోస్ సర్వర్ 2008 నుంచి ఒక్కో గుంపుకి వేరే నియమం పెట్టే వీలు కూడా ఉంది. షీటులో ఆ రెండిటికీ వేరు వేరు కాలమ్‌లు పెట్టు. లేకపోతే ఆడిటర్ అడిగే మొదటి ప్రశ్నకే గొంతులో వెలక్కాయ పడుతుంది.

పరీక్ష ఎలా చేస్తావో నువ్వు చెప్పలేదు. ఒక వర్చువల్ మిషన్ తీసుకుని, ఎవరూ పెట్టని విలువలు చేత్తో పెట్టు. కనీస పొడవు 13, లాకౌట్ 17 నిమిషాలు, అలా. ప్రోగ్రాం 13, 17 చూపిస్తేనే అది నిజంగా చదివినట్టు. 8, 30 చూపిస్తే అవి ఎక్కడినుంచి వచ్చాయో ఎవరికి తెలుసు? ఆ తర్వాత అదే ప్రోగ్రాంని అడ్మిన్ హక్కు లేకుండా నడుపు. సెక్‌ఎడిట్‌తో చదివే గడులన్నీ అడ్డగీతలతో నిండాలి. వాటిలో ఒక్క సున్నా వచ్చినా మళ్లీ కోడ్ దగ్గర కూర్చో.

పని కాగానే ప్రతి మిషన్లోనూ ఆ ఎక్స్‌పోర్ట్ ఫైలు తుడిచేయించు. ఏ మిషన్లో అకౌంటు లాక్ కాదో చెప్పే కాగితం అది. షేర్ ఫోల్డరులో పడేసి దసరా సెలవులకి ఇంటికి వచ్చేయకు. మొదటి షీటు రాగానే నాకోసారి చూపించు, పచ్చ గడులు నేను చూస్తాను.

మీ పెద్దమ్మ ఆవకాయ సీసా పంపిస్తోంది, మూత గట్టిగా బిగించే పెట్టాం.

నీ
పెదనాన్న