లాప్‌టాప్‌లో మదర్‌బోర్డు మీదుండే చిన్న బిళ్ల సెల్ పీకితే బయోస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే ప్రోగ్రాం) సెట్టింగులు రీసెట్ అవుద్దా? పాస్‌వర్డ్ కూడా పోద్దని ఒంగోలు షాపులో అన్నారు.

చాలావాటిలో అవుద్ది, కాకపోతే ముందు చార్జర్ తీసేసి మెయిన్ బ్యాటరీ కనెక్టర్ కూడా ఊడదీయాల, అది ఉండగా చిన్న సెల్ ఒక్కటే పీకితే కరెంటు అందతానే ఉంటది కాబట్టి ఏం మారకపోవచ్చు. తర్వాత ఆ 3 వోల్టుల బిళ్ల సెల్ వైరు తీసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కిపట్టి, పది నిమిషాలు వదిలేయండి. ఆన్ చేశాక డేట్, టైమ్ మళ్లీ పెట్టుకోవాల. కొన్ని కొత్త మోడళ్లలో అసలు ఈ సెల్లే ఉండదు.

ఒంగోలు షాపులో బయోస్ పాస్‌వర్డ్ కూడా పోద్దన్నారని రాశారు కదా, ఇప్పటి లాప్‌టాప్‌ల్లో చాలావాటికి పోదండీ, అది కరెంటు లేకపోయినా చెరగని చిప్‌లో ఉంటది, లాప్‌టాప్ కొన్న బిల్లు తీసుకుని కంపెనీ సర్వీసుకే పోవాల, షాపులో ఊరికే డబ్బులు పెట్టొద్దు. బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్కుకి తాళం వేసేది) ఆన్‌లో ఉంటే మాత్రం రికవరీ కీ, అంటే ఆ తాళం తీసే పొడుగు నంబరు, ముందే రాసి పెట్టుకోండి, రీసెట్ తర్వాత అడిగే అవకాశం ఉంది.