టెక్ సందేహాలు: గ్రైండర్‌కి రంపపు బ్లేడు బిగించవచ్చా?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఫోన్లు, లాప్‌టాప్‌ల సంగతులు తక్కువ. ఇంట్లో సొంతంగా చెక్క పని చేసుకోవాలని చూస్తున్నవాళ్లు ఎక్కువమంది రాశారు. ఈసారి జవాబులన్నీ వాళ్లకే.

"తిత్లీ తుపానుకి పడిపోయిన పనస చెట్టుని అప్పట్లోనే సామిల్లులో కోయించి, పలకలు పాకలో పేర్చాం. ఇప్పుడు ఒక బల్ల, రెండు పీటలు చేద్దామనుకుంటున్నా. ఇంట్లో 4 అంగుళాల యాంగిల్ గ్రైండర్ ఉంది. దానికి చెక్క కోసే బ్లేడు బిగిస్తే సరిపోతుందా?" – పలాస దగ్గరి పల్లె నుంచి ఒక రైతు

దయచేసి బిగించకండి. గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. చెక్క కోయడానికే చేసిన సర్క్యులర్ సా వేగం అందులో దాదాపు సగం. పైగా గ్రైండర్‌కి పలక మీద ఆనే అడుగు రేకు లేదు, కోత అయ్యాక బ్లేడుని కప్పేసే గార్డూ లేదు. పళ్ల బ్లేడు చెక్కలో ఇరుక్కుందంటే మెషీన్ మొత్తం ఎగిరి మన మీదికే వస్తుంది.

మన దగ్గర చాలామంది మేస్త్రీలు మార్బుల్ కట్టర్‌కి చెక్క బ్లేడు వేసి కోస్తారు. వాళ్లని చూసి నేనూ ఒకసారి వేప పలక అలాగే కోశాను. రెండు చివర్లా స్టూళ్లు వేసి, మధ్యలో కోత మొదలుపెట్టాను. సగం దాటేసరికి పలక తన బరువుకే కుంగింది, కోసిన సందు మూసుకుపోయి బ్లేడుని పట్టేసింది. ఠాప్ మని చప్పుడు. కట్టర్ వెనక్కి తన్ని నా చొక్కా చేతిని చింపేసింది. పలక మీద జానెడు పొడవున నల్లగా కాలిన గీత. పక్కింటి వడ్రంగి పెద్దాయన వచ్చి చూసి, "కోతకి రెండు పక్కలా ఊతం పెట్టావా, బాబూ?" అని అడిగారు. పెట్టలేదు. ఆ రోజు నుంచి ఆ కట్టర్‌ని రాయి పనికే వాడుతున్నాను.

మీరు 7 అంగుళాల సర్క్యులర్ సా తీసుకోండి. సుమారు 65 మి.మీ. మందం వరకూ కోస్తుంది, మీ పలకలకి అది చాలు. డబ్బు దగ్గర ఒక మాట. మెషీన్‌లో కొంచెం తక్కువ మోడల్ తీసుకున్నా పర్లేదు, మిగిలిన సొమ్ముతో మంచి బ్లేడు, పలకని కదలకుండా బిగించి పట్టే క్లాంపులు నాలుగు కొనండి. పలక పొడవునా నిలువు కోతకి 24 పళ్ల బ్లేడు, అడ్డం కోతకి 40 పళ్లది. మొద్దుబారిన బ్లేడుతో ఎంత ఖరీదైన మెషీన్ అయినా చెక్కని కోయదు, కాలుస్తుంది. బ్లేడు పలక అడుగు నుంచి ఒక పన్ను లోతు బయటికి వచ్చేలా సెట్ చేస్తే చాలు. బ్లేడు మీద రాసిన గరిష్ఠ వేగం మెషీన్ వేగం కంటే ఎక్కువ ఉండాలి. చేతికి గ్లవుజులు వద్దు, తిరిగే బ్లేడు వాటిని చేతితో సహా లాక్కుంటుంది. కళ్లకి రక్షణ అద్దాలు మాత్రం తప్పనిసరి.

కోసే ముందు పలకల మీద ఒక అయస్కాంతం పొడవునా జరపండి. పెరటి చెట్టు కదా, బట్టల తాడు కోసం ఎప్పుడో కొట్టిన మేకు లోపల ఉండిపోయి ఉండొచ్చు. చెక్క ఆరిందా అన్న బెంగ మీకు అక్కర్లేదు. అంగుళం మందానికి ఏడాది అని వడ్రంగుల లెక్క, మీ చెట్టు పడింది 2018 అక్టోబర్‌లో. చిత్రిక పట్టగానే పసుపు పచ్చగా తేలుతుంది, రానురాను గోధుమ రంగుకి తిరుగుతుంది. అంత మంచి చెక్కకి రంగు వేసేయకండి, పాలిష్ చాలు.

"కార్డ్‌లెస్ డ్రిల్ కొనాలి. 12, 18, 20, 21 వోల్టులు అని రకరకాలుగా ఉన్నాయి. ఆన్‌లైన్‌లో 48 కూడా చూశాను. ఏది?" – విజయనగరం నుంచి ఒక టీచరమ్మ

అమ్మా, 18, 20, 21 మూడూ ఒకటే. లోపల వరసగా 5 లిథియం సెల్స్ ఉంటాయి. మామూలుగా ఒక్కో సెల్ 3.6 వోల్టులు, మొత్తం 18. ఫుల్ చార్జ్‌లో 4.2 వోల్టులు, మొత్తం 21. ఏ అంకె అచ్చు వేసుకోవాలన్నది కంపెనీ ఇష్టం. 12 వోల్టుల దాంట్లో 3 సెల్స్. చవక డ్రిల్ మీద 48, 88 అని ఉంటే దాన్ని వదిలేయండి. అరలు బిగించడానికి, ప్లైవుడ్ పనికి 12 వోల్టులది బరువు తక్కువ, చెయ్యి నొప్పి పుట్టదు. గోడకి కూడా రంధ్రాలు వేయాలంటే హ్యామర్ ఉన్న 18 తీసుకోండి. టేకులో 8 నంబరు స్క్రూ దించేముందు 3 మి.మీ. బిట్‌తో దారి చేయండి, చెక్క చీలదు.

"ఇంట్లో బాగానే తిరిగే సర్క్యులర్ సా పాకలో మాత్రం మూలుగుతోంది, వేడెక్కుతోంది. షాపులో చూపిస్తే మోటార్ బాగుందన్నారు. ఇంటి నుంచి పాక దాకా 30 మీటర్ల వైరు లాగాం." – నరసన్నపేట

మోటార్ బాగుంది, వైరే సన్నం. మీరు వాడింది 0.75 చ.మి.మీ. రాగి తీగ అయితే, 30 మీటర్లు పోయి తిరిగి రావడానికి 60 మీటర్లు. దాని నిరోధం దాదాపు 1.4 ఓమ్‌లు. మీ మెషీన్ 1,400 వాట్లదైతే 6 ఆంపియర్లు లాగుతుంది, అంటే వైరులోనే 8 వోల్టులు పోతాయి. స్విచ్ నొక్కిన క్షణంలో కరెంటు నాలుగైదు రెట్లు ఉంటుంది, అప్పుడు 30, 40 వోల్టులు గల్లంతు. సాయంత్రం ఊళ్లో అసలే లో వోల్టేజ్ ఉంటే ఇక చెప్పక్కర్లేదు. 2.5 చ.మి.మీ. వైరు వేయండి, 8 కాస్తా రెండున్నరకి దిగుతుంది. చుట్ట మొత్తం విప్పి వాడండి, చుట్టలా ఉంచితే వైరు కాగుతుంది. పాకలో నేల తడిగా ఉంటుంది కాబట్టి ఆ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి.

"చెక్కని రుద్ది నున్నగా చేసే సాండర్ వాడేటప్పుడు ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే చాలదా?" – బొబ్బిలి

చాలదు. చెక్క ధూళి మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చి చెప్పింది. మీ ఊరి పక్క గొల్లపల్లిలో పనస మానుని తొలిచి వీణలు చేస్తారు కదా, అక్కడ ఉలి చెక్కిన పేళ్లు కింద పడతాయి. సాండర్ పొడి అలా పడదు, చాలాసేపు గాలిలోనే తేలుతుంది. తువ్వాలు నేతలోంచి లోపలికి పోతుంది. ఎన్95 మాస్కు ముక్కు దగ్గర బిగుతుగా నొక్కి పెట్టుకోండి, వరండాలో గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి. పనయ్యాక చీపురు పట్టకండి, తడి గుడ్డతో తుడవండి.