అడ్వాన్సు నువ్వే ఇచ్చి కూలికి పోతవా బిడ్డా?

బిడ్డా,

నువ్వు వాట్సాపుల పంపిన పైలట్ కొలువు కాంట్రాక్టు కాయిదాలు రెండుసార్లు చదివిన. మొదటిసారి సంతోషమైంది. కళ్లజోడు తుడుచుకొని మళ్ల చదివితే మా నాయిన యాదికొచ్చిండు.

నాగార్జునసాగర్ కట్టేటప్పుడు ఆయన మేస్త్రీ వెంబడి పోయి రాళ్లు మోసిండు. మేస్త్రీ ముందుగాల ఇంటికొచ్చి చేతిల అడ్వాన్సు పెడ్తుండె. అది ఎద్దుకో, పెండ్లికో ఖర్చయ్యేది. ఆ తర్వాత ఎన్ని నెలలు మోసినా లెక్క తెగకపోయేది. నువ్వు మొదటిసారి సాగర్ మీదికెళ్లి ఒక్కదానివే ఎగిరొచ్చి "మామా, కట్ట పొలంగట్టు లెక్క సన్నగ కనబడ్డది" అని ఫోన్ చేసిన రోజు ఆయన ఉంటే బాగుండు అనుకున్న.

నీ కాయిదం చూస్తే మాత్రం ఆ మేస్త్రీయే నయమనిపిస్తుంది. ఆయన పైసలిచ్చి కట్టేసుకున్నడు. వీళ్లు నీ పైసలే తీస్కొని నిన్ను కట్టేస్తున్నరు. టైప్ రేటింగ్, అంటే ఒక్క రకం విమానం నడిపేటందుకు చేసే ట్రైనింగ్, ఖర్చు నీది, ఐదేండ్ల దాక మానేస్తే పైసలు కట్టాలె అనే బాండు నీది, మధ్యల తీసేసే హక్కు మాత్రం వాళ్లది.

లెక్క చూద్దాం. 200 గంటల ఎగురుడు నిండి సీపీఎల్, అంటే పైలట్ కొలువుకు కావాల్సిన లైసెన్సు, చేతికొచ్చేసరికి అప్పు 60 లక్షలు. మీ నాయిన చెలక పాసుబుక్కు ఇంక బ్యాంకులనే ఉన్నది. 11 శాతం వడ్డీతోని పదేండ్లల్ల తీర్చాలంటే నెలకు 82 వేల పైచిలుకు. అసలు ముట్టుకోకుంట ఒట్టి వడ్డీయే నెలకు 55 వేలు. రిలీజ్ అయ్యేదాక, అంటే ట్రైనింగ్ అంత అయ్యి ట్రైనర్ లేకుంట ఎగిరేదాక, నీకిచ్చే స్టైపెండ్ 40 వేలు. అంటే నువ్వు యూనిఫాం ఏసుకొని డ్యూటీకి పోయినా నెలకు 15 వేలు ఇంటి నుంచే తేవాలె. సిమ్యులేటర్, బేస్ ట్రైనింగ్, ఆ తర్వాత ట్రైనర్ పక్కన కూసొని ప్రయాణికులతోని చేసే లైన్ ఫ్లయింగ్... ఇవన్ని ఎన్ని నెలలల్ల అయితయో కాయిదంల ఒక్క ముక్క లేదు. నువ్వు మొదట అడగాల్సింది అదే. వాళ్ల దగ్గర ట్రైనర్ ఖాళీ లేక నువ్వు ఆరు నెలలు కూసుంటే ఆ ఆరు నెలలు బాండుల లెక్కకొస్తయా, రావా? రిలీజ్ అయిన రోజు నుంచే బాండు మొదలైతదని ఆరో పేజీల అడుగున చిన్నక్షరాలల్ల ఉన్నది, చూస్కున్నవా?

రెండోది, గ్యారంటీ గంటలు. జీతం ఎగిరిన గంటల మీదైతే, విమానాలు తక్కువ తిరిగే నెలల నీ పరిస్థితేంది? నువ్వు ఎగిరినా ఎగరకపోయినా ఇన్ని గంటల పైసలిస్తమని రాయించుకో. నోటిమాట చెల్లదు. హెచ్‌ఆర్‌లో ఇవాళ మంచిగ మాట్లాడినోళ్లు రేపు ఆ కుర్చీల ఉండరు.

మూడోది చెప్పాలంటే నా సిగ్గు విప్పాలె. నా మొదటి కొలువుల, పేరెందుకు గని, తారీఖు రాయని చెక్కులు మూడు సంతకం పెట్టిచ్చిన. కంపెనీ మూతబడ్డది. జీతం బాకీ వాళ్లే ఉన్నరు, నా చెక్కులు మాత్రం వాళ్ల బీరువాల. రెండేండ్లు తిరిగిన. ఫోన్ మోగితే బ్యాంకోడేమో అని గుండె జల్లుమనేది. మీ అత్తకు ఈ సంగతి చెప్పలే, నువ్వు చెప్పకు. అందుకే కంపెనీ తీసేసినా, మూతబడినా బాండు చెల్లదని రాయించుకో. నువ్వు పనిచేసిన కొద్ది నెలనెలా బాండు పైసలు తగ్గేటట్టు కూడ రాయించుకో.

మూతబడుడు అరుదేం గాదు. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌ల, గో ఫస్ట్ 2023 మేల ఎగురుడు ఆపినయి. అట్లాంటప్పుడు వేల గంటలు ఎగిరినోళ్లంత ఒక్కసారే బజార్ల పడ్తరు. మీ అసొంటి కొత్తోళ్లు లైన్ల ఆఖరుకు పోతరు. కంపెనీ నీ జోలికి రాకున్నా ఆ దెబ్బ నీ దాక వస్తది. ఇంకోటి, నువ్వు మానేస్తనన్నా వెంటనే కుదరదు. విమానాల సంగతి చూసే సర్కారు సంస్థ డీజీసీఏ రూల్ ప్రకారం ఫస్ట్ ఆఫీసర్‌కు, అంటే కోపైలట్‌కు, నోటీసు ఆరు నెలలు, కెప్టెన్‌కు ఏడాది.

సంతకం పెట్టకపోతే ఏం జేస్తవ్ అంటవ్. ఊకె కూసోకు. మెడికల్ టెస్టు, బయట కనబడకున్నా మీటర్లు చూసి నడిపే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఏడాదికోసారి కొత్తగ చేసుకోవాలె, కూసున్నా ఖర్చే. నన్నడిగితే కొత్తోళ్లకు ఎగురుడు నేర్పే ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ కోసం చూడు. జీతం చిన్నదే, కని గంటలకు నువ్వు పైసలు కట్టే బదులు నీకే ఇస్తరు. "ఉద్యోగం గ్యారంటీ" అని టైప్ రేటింగ్ అమ్మే ఏజెంట్ల మాట మాత్రం వినకు. కంపెనీ లెటర్ చేతికి రాకముందు ఏ విమానానికి టైప్ రేటింగ్ చేస్తవ్? రేపు వాళ్లు ఏటీఆర్ అనే చిన్న పంకల విమానం నడిపేటోళ్లు కావాలంటే నీ ఎయిర్‌బస్ పైసలు నీళ్లపాలే.

చిన్న జీతం పెద్ద విమానంల ఏం జేస్తదో ఒక్కటి చెప్త. 2009 ఫిబ్రవరి 12న అమెరికాల బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది సచ్చిపోయిన్రు. కోపైలట్‌కు 24 ఏండ్లు. అమ్మనాయినల దగ్గర సియాటెల్‌ల ఉండి, రాత్రంత కార్గో విమానాలల్ల దేశం ఈ కొస నుంచి ఆ కొసకు డ్యూటీకొచ్చింది. ఆమె జీతమెంతనేది విచారణల పెద్ద చర్చయింది. తప్పంత అలసటదే అనను, కని నువ్వు కిరాయి మిగిలించుకుందామని రాత్రి బస్సుల పండుకొని పొద్దుగాల డ్యూటీ ఎక్కుత అంటే ఊకోను. అలసిపోయినప్పుడు ఎగరలేనని చెప్తే పైసలు కోస్తరా అన్నది కూడ అడుగు. కోస్తమంటే ఆ కొలువు వద్దు.

ఊర్ల బస్టాండు కాడ నీ ఫ్లెక్సీ కట్టిన్రని మీ నాయిన మురుస్తున్నడు. అప్పుడే ఇద్దరు చేబదులు అడిగిన్రట. ఫ్లెక్సీ వర్షానికి చినిగిపోతది, దానికోసం సంతకం పెట్టకు.

ఆదివారం జడ్చర్లకు రా. ఆరో పేజీ పెద్దక్షరాలతోని ప్రింటు తియ్యించుకొని రా, ఫోన్ల నాకు సరిగ కనబడ్తలేదు. ఎర్రపెన్ను నా దగ్గరున్నది.

మీ మామ