అవినీతికీ, పేదలకు బ్యాంకు సేవలు అందకపోవడానికీ సంబంధం ఏమిటి?

రెండూ ఒకదాన్నొకటి పెంచి పోషిస్తాయి. అప్పు మంజూరు కావాలంటే పదో వంతు లంచం ముట్టజెప్పాలి అనుకోండి. చేతికి మిగిలేది 90, వడ్డీ మాత్రం 100కీ కట్టాలి. దాంతో చిన్న వ్యాపారి బ్యాంకు గడప తొక్కడమే మానేస్తాడు.

ఖాతా లేకపోతే జీతమైనా, సాయమైనా నగదుగా చేతులు మారి వస్తుంది. ప్రతి చేతికీ కొంత అంటుకుంటుంది. 2009లో అఫ్గానిస్థాన్‌లో కొందరు పోలీసులకు జీతాన్ని నేరుగా మొబైల్‌కే పంపితే, జీతం పెరిగిందనుకున్నారట! అంతకుముందు పైఅధికారులు మధ్యలో నొక్కేసేవారు మరి.

అలాగని ఖాతా ఒక్కటే మందు కాదు. 2010లో అక్కడే కాబూల్ బ్యాంక్ కుదేలైంది. డిపాజిటర్ల సొమ్మును వాటాదారులే, వాళ్ల మనుషులే అప్పుల పేరుతో తోడేశారు. అది చూశాక జనం డబ్బును ఇంట్లోనే దాచుకుంటే తప్పుపట్టలేం.