టీడీఎస్ 45 ఉంటే నీళ్లు మంచివేనా?

ప్రశ్న: మా ఇంట్లో డిస్పెన్సర్ మీద పెద్ద క్యాన్ పెట్టుకుని ఆ నీళ్లే తాగుతాం. ఈమధ్య మా ఐదేళ్ల బాబుకి మాటిమాటికీ విరేచనాలు అవుతున్నాయి. టీడీఎస్ మీటర్‌తో చూస్తే 45 వచ్చింది. అంటే నీళ్లలో తేడా ఏమీ లేనట్టేనా? ల్యాబ్‌లో టెస్ట్ చేయించాలంటే ఏమని అడగాలి?
– ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా: మీ మీటర్ తప్పు చెప్పలేదమ్మా. కానీ మీరు అడిగినదానికి అది జవాబు చెప్పలేదు. నీళ్లలోంచి కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందో చూసి, కరిగిన లవణాలు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములున్నాయో అంచనా కడుతుందంతే, టీడీఎస్ అంటే అదే. బ్యాక్టీరియా ఎంత ఉన్నా దానికి తెలియదు. విషపదార్థాల సంగతీ అంతే. ఆర్సెనిక్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. అది పదింతలున్నా 0.1 మిల్లీగ్రామే కాబట్టి, మీటర్ మీద 45 కాస్తా 46 కూడా అవ్వదు. తక్కువ అంకె కనబడగానే నిశ్చింతగా ఉండటమే నాకు నచ్చని విషయం.

విరేచనాలు అవుతున్నప్పుడు ముందు చేయించాల్సింది సూక్ష్మజీవుల పరీక్ష. ల్యాబ్‌లో టోటల్ కోలిఫాం, ఈ కోలై, సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాలు ఉన్నాయేమో చూడమని అడగండి. 100 మిల్లీలీటర్ల నీటిలో ఈ కోలై అసలు కనిపించకూడదు. కనిపించిందంటే మలం ఎక్కడో కలిసిందన్నమాటే. సూడోమోనాస్ గొట్టాల్లో, కుళాయిల్లో జిగురులా పేరుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను సాధారణంగా ఏమీ చేయదు గానీ, ఇంట్లో కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు ఉంటే పట్టించుకోవాలి. రసాయనాల్లో నైట్రేట్, ఫ్లోరైడ్, ఆర్సెనిక్, సీసం చూపిస్తే చాలు. పొడుగాటి ప్యాకేజీలకు డబ్బు పోయకండి.

శాంపిల్ ఒకటి కాదు, రెండు ఇవ్వండి. సీలు తీయని క్యాన్ ఒకటి, డిస్పెన్సర్ కుళాయి నుంచి పట్టిన నీళ్లు ఒకటి. మొదటిది బాగుండి రెండోది చెడితే తప్పు క్యాన్‌ది కాదు, మీ డిస్పెన్సర్‌ది. నిజానికి నా అనుమానం కూడా దాని మీదే. క్యాన్లు మారుస్తారు గానీ, దాని లోపలి ట్యాంకు కడిగేవాళ్లు తక్కువ. నీళ్లు పట్టడానికి ల్యాబ్ ఇచ్చే స్టెరైల్ (క్రిములు లేకుండా చేసిన) బాటిలే వాడండి. అడుగున కాస్త పొడి కనిపిస్తే కడిగేయకండి, క్లోరిన్‌ని విరిచేందుకే అది వేస్తారు. మూత లోపలివైపు వేలు తగలకూడదు. కుళాయిని ముందే శుభ్రం చేయొద్దు, రోజూ ఎలా తాగుతున్నారో అలాగే పట్టండి. ఐస్ బాక్సులో పెట్టి వీలైతే అదే రోజు, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు ల్యాబ్‌కి చేర్చండి.

క్రిములు పెరిగి కనిపించడానికి కనీసం ఒక రోజు పడుతుంది. రిపోర్టు బాగున్నా అది ఆ ఒక్క బ్యాచ్ గురించే, వచ్చే నెల క్యాన్‌కి గ్యారంటీ కాదు. ఈలోగా నీళ్లు తెర్లనిచ్చి ఒక నిమిషం ఉంచి, చల్లార్చి ఇవ్వండి. దాంతో క్రిములు చస్తాయి గానీ నైట్రేట్, ఆర్సెనిక్ పోవు.

ఇక బాబు సంగతి. నీళ్ల రిపోర్టు వచ్చేదాకా ఆగి కూర్చోకండి. జియార్డియా లాంటి పరాన్నజీవులు, ఈమధ్య వాడిన యాంటీబయాటిక్, అతిగా తాగే జ్యూసులు, పాలు పడకపోవడం... కారణం వీటిలో ఏదైనా కావచ్చు. పిల్లల డాక్టర్‌కి చూపించి మల పరీక్ష చేయించండి. విరేచనం అయిన ప్రతిసారీ ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా పట్టించండి, దాన్నీ కాచి చల్లార్చిన నీళ్లలోనే కలపాలి. మలంలో రక్తం పడినా, మూత్రం తగ్గినా, బాబు మగతగా పడి ఉన్నా, తాగిందల్లా కక్కేస్తున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.