పదేళ్ల గీజర్ కారుతోంది: మార్చాలా, బాగు చేయిస్తే సరిపోతుందా?

15 లీటర్ల గీజర్‌కి పదేళ్లు దాటాయి, కింద చుక్కలు పడుతున్నాయి, వేడెక్కడమూ ఆలస్యమవుతోంది, మార్చేయాలా అని అడిగారు. వయసు చూసి మార్చకండి. నీళ్లు ఎక్కడినుంచి కారుతున్నాయో ముందు చూడండి.

చన్నీళ్ల పైపు దగ్గరుండే సేఫ్టీ వాల్వ్ నుంచి, అదీ వేడెక్కేటప్పుడే చుక్కలు పడితే అది లీకు కాదు. 15 లీటర్లు 25 నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 200 మి.లీ. పెరుగుతాయి, ఆ పెరిగింది ఎటో పోవాలి కదా. స్విచ్ ఆపాక కూడా కారుతుంటే వాల్వ్ పోయినట్టు, లేదా లైన్లో ప్రెషర్ ఎక్కువ. కొందరు మెకానిక్‌లు వాల్వ్‌కి ప్లగ్గు బిగించి లీకు ఆపేశామంటారు. ఒప్పుకోకండి, ట్యాంకు పేలే ప్రమాదం ఉంది.

తర్వాత గీజర్ లైన్‌కి ఉండే ఎంసీబీ (కరెంటు బోర్డులోని బ్రేకర్ స్విచ్) ఆపి, టెస్టర్‌తో చూసుకుని, కింది మూత విప్పి టార్చి వేయండి. ఎలిమెంట్ (నీళ్లను వేడిచేసే కడ్డీ) బిగించి ఉండే ప్లేటు చుట్టూ తెల్లగా ఉప్పు కట్టి ఉంటే గ్యాస్కెట్ (నీళ్లు కారకుండా మధ్యలో ఉండే రబ్బరు వాషర్) పోయింది, చిన్న పనే. కొత్తది వేశాక బోల్టులు ఎదురెదురువి కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకవైపే లాగిస్తే మళ్లీ కారుతుంది. ప్లేటు పొడిగా ఉండి, ట్యాంకు చుట్టూ ఉండే ఫోమ్ తడిసి తుప్పునీళ్లు దిగుతుంటే ట్యాంకుకే చిల్లు. వెల్డింగ్ పెట్టిస్తే ఆ వేడికి లోపలి గాజుపూత పగిలి పక్కన ఇంకోటి పడుతుంది. కొత్తది కొనాల్సిందే.

ఇక ఆలస్యం సంగతి. 2 కిలోవాట్ల ఎలిమెంట్‌కి పైన చెప్పినంత వేడికి 18-20 నిమిషాలు చాలు. అంతకంటే బాగా ఎక్కువైతే ముందు ఓల్టేజి చూడండి. 230 బదులు 190 వస్తుంటే పవర్‌లో దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. అందరూ ఎలిమెంట్ మీది ఉప్పును తిడతారు గానీ, అది వేడిని పెద్దగా ఆలస్యం చేయదు, ఎలిమెంట్‌నే కాల్చేస్తుంది. గీజర్‌లో వచ్చే చిటపట చప్పుడు ఆ ఉప్పుదే. కరెంటు ఆపి, ఎలిమెంట్ వైర్లు తీసి మల్టీమీటర్ పెడితే 26 ఓమ్‌ల దగ్గర చూపించాలి. చూపిస్తే, ఓల్టేజీ సరిగ్గానే ఉంటే, థర్మోస్టాట్ (వేడి చాలగానే కరెంటు ఆపే భాగం) ముందే కట్ చేస్తోందని అనుమానించాలి.

ప్లేటు ఎలాగూ విప్పుతారు కాబట్టి ట్యాంకుకి బదులు తాను కరుగుతూ దాన్ని తుప్పు నుంచి కాపాడే మెగ్నీషియం రాడ్‌నూ చూడండి. చాలా మోడళ్లలో అది ఆ ప్లేటుకే ఉంటుంది. సగానికి సన్నబడితే మార్చేయండి. రాడ్ పూర్తిగా కరిగిపోయి, ఖాళీ చేసిన నీళ్లలో తుప్పు పెచ్చులు వస్తుంటే మాత్రం ఆ ట్యాంకుకి కొత్త ఎలిమెంట్ కూడా దండగే.