రీస్లింగ్ కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడిని మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

పెళ్ళి చేసుకోబోయే అమ్మాయి తల్లిదండ్రులను జర్మనీలో, ట్రియర్‌లోని నీ ఇంటికి భోజనానికి పిలిచావనీ, వంటంతా నువ్వే చేసి మోజెల్ నది ఒడ్డున పండే రీస్లింగ్ ద్రాక్ష తెల్ల వైన్ పోస్తావనీ మీ అమ్మ చెప్పింది. "వాడు ఇంట్లో మందు పోస్తాడట అన్నయ్యా" అని ఆమె కంగారుపడింది. అన్నం వార్చడం కూడా రాని పిల్లవాడు ఇంతవాడయ్యాడని నేను మురిసిపోయాను. ఆ వెంటనే భయమూ వేసింది, ఎందుకంటే ముప్పై ఏళ్ళ క్రితం కోబ్లెంజ్‌లో ఇదే పని చేసి నేను పరువు పోగొట్టుకున్నాను.

సీసాను ఫ్రిజ్‌లో ఉంచి 8 నుంచి 10 డిగ్రీల చల్లదనంలో పొయ్యి. గ్లాసును అంచు దాకా నింపకు.

కోబ్లెంజ్‌లో ఆ రోజు మా పై అధికారిని భార్యతో సహా పిలిచాను. తియ్యటి వైన్ చౌకబారుదని ఎవరో చెప్పిన మాట నమ్మి, తీపి దాదాపు లేని ట్రోకెన్ రకం సీసా ఎక్కువ ధర పెట్టి తెచ్చాను. ఆల్కహాలు 13 శాతం. కూర గుంటూరు మిరపకాయల కారంతో చేసిన చేపల పులుసు. కారమూ ఆల్కహాలూ నోటిలో వేడిని పసిగట్టే ఒకే చోటును తాకుతాయని అప్పుడు నాకు తెలియదు. పాపం ఆవిడ మంట చల్లారుతుందని ఒక గుక్క తాగింది, మంట రెట్టింపైంది, మళ్ళీ తాగింది, కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. నేనేమో మర్యాద చేస్తున్నాననుకుని గ్లాసు మళ్ళీ నింపాను! మీ అత్తయ్య మాట్లాడకుండా లేచి పెరుగు గిన్నె తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే.

అందుకే నువ్వు చీటీ మీద కాబినెట్ (తేలికపాటి రకం) అన్న మాట ఉండి, ట్రోకెన్ అన్న మాట లేని సీసా కొను. ఆల్కహాలు శాతం అంకె కూడా చూడు: 8 లేదా 9 ఉంటే ద్రాక్ష చక్కెర పూర్తిగా పులియక కొంత తీపి మిగిలిందని అర్థం, 12 ఉంటే మిగలలేదని అర్థం. మోజెల్ ఒడ్డున నిటారైన పలకరాయి వాలుల మీద, చల్లని వాతావరణంలో పండే ఆ ద్రాక్షకు పులుపు గట్టిది కనుక తీపి వెగటు పుట్టదు, చింతపండు ముందు వెలవెలబోదు. పులిహోర, అల్లం పెసరట్టు, కొబ్బరిపాల రొయ్యల కూర దానికి చక్కగా కుదురుతాయి. ఆవకాయ మాత్రం బయటికి తీయకు, దానికి ఏ వైనూ నిలవదు.

వాళ్ళకు అలవాటైన వంటకం కూడా ఒకటి ఉండాలి. తెల్ల ఆస్పరాగస్ అనే కాడల కూర కోత జూన్ 24 దాకా సాగుతుంది కనుక ఈలోగా అయితే అదే ఉడికించి వెన్న పొయ్యి. దాని పక్కన మాత్రం ఫ్రాంకెన్ ప్రాంతపు సిల్వానర్ అనే తెల్ల వైన్, అదీ ట్రోకెన్ రకమే, బాగుంటుంది. నేను తిట్టుకున్నది ట్రోకెన్‌ను కాదు, దాన్ని తప్పు కూర పక్కన పెట్టడాన్నే.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. నీకు మొదటిసారి లైసెన్సు వచ్చి ఏడాది కాలేదు, మొదటి రెండేళ్ళు ఇక్కడి చట్టం చుక్క ఆల్కహాలును కూడా ఒప్పుకోదు. వాళ్ళను దింపడానికి కారు తీశావో, నేను ఊరుకోను. టాక్సీ పిలువు, డబ్బు నేనిస్తాను నాన్నా.

వాళ్ళు వెళ్ళాక ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి. పెరుగు తోడు పెట్టావా అని మీ అత్తయ్య ఇప్పుడే అడుగుతోంది.

మీ మామయ్య